ట్యాంకెక్కిన ఊరు

మనుషుల మనసు ఎలా ఉందో మనుషుల్నే అడిగి తెలుసుకోవడం శాస్త్రీయం కాదని రాష్ట్ర ప్రజామనోమాపన కేంద్రం వారు తేల్చి రెండేళ్లయింది. అంతకుముందు వాళ్లు అడిగి చూశారు. నలభై ప్రశ్నల కాగితాలు పట్టుకుని ఊరూరా తిరిగారు. "గత రెండు వారాల్లో మీకు జీవితం మీద విరక్తి కలిగిందా?" అని అడిగితే జనం "టీ తాగుతారా బాబూ?" అన్నారు. "కలిగితే ఎన్నిసార్లు?" అంటే "కూకోండి, ఎండన పడొచ్చినారు" అన్నారు. నలభై ప్రశ్నలకూ ఇటువంటి జవాబులే రావడంతో కేంద్రం సంచాలకులు డాక్టర్ చిత్రభానుగారు ఒక నిశ్చయానికి వచ్చారు. మనిషి అబద్ధమాడతాడు, ఫోను ఆడదు.

వెంటనే మనోమాపకం అనే యాప్ తయారైంది. అది ఫోనులో నక్కి కూర్చుని, యజమాని ఎన్ని అడుగులు వేశాడు, ఎంతసేపు కదలకుండా ఉన్నాడు, ఎంత ఎత్తున నిలబడ్డాడు, ఎవరికెన్ని మెసేజీలు పెట్టాడు, అన్నీ రాసుకుంటుంది. సిగ్నలు దొరగ్గానే కేంద్రానికి పంపేస్తుంది. అక్కడి కంప్యూటరు దాన్నిబట్టి ఆ మనిషి మనసుకు పచ్చరంగో, పసుపో, ఎరుపో వేస్తుంది. పథకంలో చేరడం పూర్తిగా స్వచ్ఛందం. చేరనివారి పేర్లు మాత్రం పింఛనుదారుల జాబితాతో జతచేసి పైకి పంపమన్నారు. ఉసిరికవలసలో రెండువందల పన్నెండుమంది స్వచ్ఛందంగా చేరారు. ఫోనున్నవాళ్లందరూ అంతే మరి.

ఉసిరికవలస మూడు కొండల మధ్య, గిన్నె అడుగున అంటుకున్న మెతుకులా ఉంటుంది. అక్కడికి సిగ్నలు రాదు. టవరు కోసం ఊరివాళ్లు ఏడేళ్లుగా అర్జీలు పెడుతున్నారు. ఈలోగా పంపు ఆపరేటరు సింహాద్రి ఒక సంగతి కనిపెట్టాడు. మంచినీళ్ల ట్యాంకు పైకెక్కి, తూర్పు అంచున రెయిలింగు పట్టుకుని నిలబడితే రెండు గీతలు కనిపిస్తాయి. మూడడుగులు వెనక్కి వేస్తే అవీ ఉండవు. ఆనాటి నుంచి ఊరు ఊరంతా అరవై అడుగుల ట్యాంకెక్కడం మొదలుపెట్టింది. పొద్దున చదువుకునే పిల్లలు, మధ్యాహ్నం ముసలివాళ్లు, సాయంత్రం మేస్త్రీ పనులకు పట్నాలు వెళ్లినవాళ్ల పెళ్లాలు. వెనక జనం నిలబడి ఉంటారు కాబట్టి ఎవరూ ఏడు నిమిషాలకు మించి మాట్లాడేవారు కాదు. ఏడవాల్సిన మాటలున్నా ఆ ఏడు నిమిషాల్లోనే ఏడ్చి దిగేవారు.

అందరికంటే ఎక్కువసార్లు ఎక్కేది ఆశా కార్యకర్త అప్పలకొండ. నలభై మూడేళ్ల మనిషి, బక్కగా, చురుగ్గా ఉంటుంది. ఊళ్లో కడుపుతో ఉన్న ప్రతి ఆడమనిషి వివరమూ రిజిస్టరులో రాసి, ఫోనులో ఎక్కించి, పైవాళ్లకు పంపాలి. పంపడం ఒక్క రోజు ఆలస్యమైతే సంజాయిషీ అడుగుతారు. అందుకని మోకాళ్లు నొప్పెడుతున్నా రోజుకు రెండుసార్లు ఎక్కేది.

ఒక సోమవారం కేంద్రంలో సమీక్ష జరిగింది. గోడ మీద రాష్ట్ర పటం చాలావరకు పచ్చగా, అక్కడక్కడ పసుపుగా ఉంది. ఒక మూలన మాత్రం ఎర్రచుక్క ఒకటి నిప్పుకణికలా వెలుగుతోంది. చిత్రభానుగారు బెత్తం చివర ఆ చుక్క మీద ఆనించారు.

"ఈ గ్రామ ప్రజల దినచర్య ఆలకించండి. రోజంతా ఎవరూ ఎవరికీ ఫోను చెయ్యరు. ఎవరి సందేశమూ అందుకోరు. పరిపూర్ణ సామాజిక ఏకాంతం. ఆ తర్వాత ఏదో ఒక వేళ అరవై అడుగుల ఎత్తుకు ఎక్కుతారు. తూర్పు అంచుకు వెళ్తారు. కదలకుండా నిలబడతారు. సరిగ్గా ఆ క్షణంలోనే ఆత్మీయులకు వరసగా ఫోన్లు, సందేశాలు! పిమ్మట..." ఆయన గొంతు తగ్గించారు. "మనసు మార్చుకుని దిగుతారు. మర్నాడు మళ్లీ ఎక్కుతారు. నూట డెబ్బైమంది. ఒకే అంచు."

హాలులో ఒకరిద్దరు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

వెనక వరసలోంచి గణాంక విభాగంలో పనిచేసే కుసుమలత లేచింది. "సార్, అక్కడ సిగ్నల్ లేదేమో. దానికోసం ఎక్కుతున్నారేమో. ఒకసారి వాళ్లని అడిగితే..."

"అడగడమా?" చిత్రభానుగారు చెప్పులతో పూజగదిలోకి వచ్చినవాళ్లను చూసినట్టు చూశారు. "మనది అడగడం మానేసిన సంస్థ అమ్మా. ప్రశ్న వేసిన మరుక్షణం దత్తాంశం మలినమవుతుంది. పైగా 'ఏమో' అన్న మాటకు మన పట్టికలో గడి లేదు."

కుసుమలత కూర్చుంది. సాయంత్రానికి ఆమెను స్టేషనరీ విభాగానికి మార్చారు.

బుధవారం పొద్దున రెండు జీపులు, ఒక ఫైరింజను, ఒక అంబులెన్సు ఉసిరికవలసలో దిగాయి. ముందు జీపులోంచి లోకేశ్వర్ అనే ఉద్యోగి మైకు పట్టుకుని దూకాడు. ఆయన హోదా సాంత్వనాధికారి. ఆ సమయానికి ట్యాంకు మీద అప్పలకొండ, ఒక ముసలమ్మ ఉన్నారు. ముసలమ్మ విశాఖలో ఉన్న కూతురితో మాట్లాడుతోంది.

"అమ్మా! మీరు ఒంటరివారు కారు! ప్రభుత్వం మీ వెన్నంటి ఉంది!" అని మైకు అరిచింది.

"ఉండవే, కింద ఎవుడో అరుత్తన్నాడు," అంది ముసలమ్మ ఫోనులో. "ఆఁ, మరేటి? పిల్లకి జొరం తగ్గిందా?"

"మీ చేతిలో ఫోను మెల్లగా కింద పెట్టి, అంచు నుంచి మూడడుగులు వెనక్కి రండి!"

"మూడడుగులు ఎనక్కొత్తే సిగ్నలు పోద్ది బాబూ!" అప్పలకొండ పైనుంచి కేకేసింది.

"మీకేం కావాలో చెప్పండమ్మా! ఏదైనా సరే!"

ఏడేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి ఉద్యోగి ఆయనే. అప్పలకొండ రెండు చేతులూ నోటి దగ్గర దోసిలి పట్టి, "టవరు! మాకు టవరు గావాల!" అని బలంకొద్దీ అరిచింది.

లోకేశ్వర్ ఫారం తీసి రాసుకున్నాడు. 'ఇంతకంటే ఎత్తైన కట్టడం కోరుతున్నారు. తీవ్రత: అత్యధికం.'

ఫైరింజనువాళ్లు ట్యాంకు కింద పరిచిన వలలో అప్పటికే రెండు మేకలు పడుకున్నాయి. ముసలమ్మ మాట ముగించుకుని, మెట్లమీదుగా దిగి, వలను చూసి, "ఇక్కడ సేపలేటున్నాయి నాయినా?" అని అడిగి ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు చిత్రభానుగారే స్వయంగా వచ్చారు. బడి వరండాలో సభ పెట్టారు. ఊరంతా వచ్చింది. అప్పలకొండ ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

"మేం సావడానికి ఎక్కట్నేదు బాబూ. మాటాడ్డానికి ఎక్కుతన్నాం."

చిత్రభానుగారు దయగా నవ్వారు. "దీన్ని నిరాకరణ దశ అంటాం."

"నిజిమే బాబూ. సిగ్నలు కోసరం."

"తీవ్ర నిరాకరణ," అని ఆయన పక్కనున్న లోకేశ్వర్‌తో రాయించారు. జనంలోంచి నలుగురు అదే మాట అన్నారు. పదిమంది అన్నారు. చివరికి ఊరంతా ఒక్క గొంతుతో అంది. ఆయన ముఖం విప్పారింది. "సామూహిక నిరాకరణ! దీని గురించి ఇంతవరకు ఎవరూ రాయలేదు."

సింహాద్రికి చిర్రెత్తుకొచ్చింది. "పోనీ తవఁరి ఫోను తీసి సూడండి. ఇక్కడ పని సేత్తందేటి?"

చిత్రభానుగారు తీసి చూశారు. చెయ్యడం లేదు. అదీకాక ఆయన ఆ క్షణమే కేంద్రానికి అత్యవసర సిఫారసు పంపాలి. చుట్టూ చూశారు. కోటు లోకేశ్వర్‌కిచ్చి, రొప్పుతూ ట్యాంకెక్కారు. తూర్పు అంచుకు వెళ్లారు. కదలకుండా నిలబడ్డారు. ట్యాంకు మెట్లకు తక్షణం తాళం వేయవలసిందన్న సిఫారసును అక్కడి నుంచే పంపి దిగారు. మరునిమిషంలో కేంద్రంలో కంప్యూటరు మీద ఆయన పేరు ఎర్రగా వెలిగింది. ఆ ఒక్క పేరునూ సాంకేతిక లోపంగా నమోదు చేశారు.

తాళం పడింది. చుట్టూ ముళ్లతీగ వచ్చింది. ఊరి మొదట్లో 'ఎత్తు నిషిద్ధ ప్రాంతం' అని బోర్డు లేచింది. ఆరడుగులకు మించిన ఎత్తు ఏదైనా ప్రమాదకరమని ఉత్తర్వు రావడంతో గడ్డిమేట్లు కుదించారు. బడి మీది ఇనపనిచ్చెన ఊడదీశారు. కల్లుగీసే కూర్మయ్య సంగతి మాత్రం కేంద్రాన్ని కుదిపేసింది. కూర్మయ్య మొలలో ఫోను దోపుకుని తాటిచెట్లెక్కుతాడు. గట్టుమీది పెద్ద తాడి మీద ఒక గీత సిగ్నలు దొరుకుతుంది. రోజుకు ఇరవైఆరుసార్లు ఎత్తుకెక్కి, అంచున ఆగి, దిగే మనిషి రాష్ట్రంలో ఇంకొకడు లేడు.

"ఇరవైఆరు ప్రయత్నాలు! ఒక్కరోజులో!" అన్నారు చిత్రభానుగారు చలించిపోతూ.

కూర్మయ్యను పట్నం తీసుకెళ్లి పదిహేను రోజులు ఆసుపత్రిలో పెట్టారు. "ఎందుకెక్కుతావు?" అని అక్కడి డాక్టరు అడిగితే "కల్లు కిందుండదు గదా బాబూ" అన్నాడు. తిరిగొచ్చేటప్పటికి మనిషి మందుల మత్తులో తూలుతున్నాడు. చేతిలో ఒక కాగితముంది. నేలమీద నిలబడి కల్లుగీసే పద్ధతిలో అతనికి త్వరలో శిక్షణ ఇస్తారని అందులో రాసి ఉంది. అతని భార్య ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న మంచంకోడు కింద దోపింది.

ఇక ఏ ఎత్తూ లేకపోవడంతో ఉసిరికవలస ఫోన్లలోంచి కేంద్రానికి ఏమీ వెళ్లడం మానేసింది. ఏ సమాచారమూ పంపని మనసును కంప్యూటరు పచ్చగా చూపిస్తుంది. ఎర్రచుక్క ఆరిపోయింది. "పందొమ్మిది రోజులు! ఒక్క వేదన లేదు, ఒక్క నిట్టూర్పు లేదు!" అని చిత్రభానుగారు రాజధానిలో ఉపన్యసించారు. సభలో అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ పందొమ్మిదో రోజునే, పొద్దున పదింటికి, గౌరికి నొప్పులొచ్చాయి. గౌరికి ఇరవై రెండేళ్లు. తొలి కాన్పు. మొగుడు చెన్నైలో సెంట్రింగు పనిలో ఉన్నాడు. గడువుకింకా రెండు వారాలుంది. అప్పలకొండ వచ్చి పొట్ట తడిమి చూసి గతుక్కుమంది. బిడ్డ అడ్డం తిరిగింది. ఆసుపత్రి ముప్పై రెండు కిలోమీటర్లు. ఊళ్లో ఉన్న ఒక్క ఆటో సంతకెళ్లింది.

"పిన్నీ, నాను సచ్చిపోతానేటే?" అంది గౌరి చెయ్యి పట్టుకుని.

"నోర్ముయ్," అంది అప్పలకొండ. అని పంపుగది వైపు పరిగెత్తింది.

"తాళం నాకాడ నేదప్పా. మండలంలో ఉంది," అన్నాడు సింహాద్రి. గది మూలనున్న గునపం తెచ్చి ఆమె ముందు పడేసి, వెనక్కి తిరిగి నిలబడ్డాడు. "నాను సూడనేదు."

తాళం మూడు దెబ్బలకు ఊడింది. ముళ్లతీగకు చీర చిరిగింది. అప్పలకొండ అరవై అడుగులూ ఎక్కడా ఆగకుండా ఎక్కి, తూర్పు అంచున నిలబడి అంబులెన్సుకు ఫోను చేసింది. మండలానికున్న ఒక్క బండీ వేరే కేసు మీద వెళ్లిందట. రెండు గంటలు పడుతుందట.

"రెండు గంటలంటే మనిషి ఉండదు బాబూ," అంది. అవతల ఫోను పెట్టేశారు.

ఏం చెయ్యాలో తోచక ఆమె అక్కడే రెయిలింగు పట్టుకుని నిలబడిపోయింది. కింద గౌరి అత్త శోకాలు పైకి వినిపిస్తున్నాయి. చేతిలో ఫోను మాత్రం ఊరుకోలేదు. పందొమ్మిది రోజులుగా రాసిపెట్టుకున్నదంతా ఒక్కసారిగా కేంద్రానికి కక్కేసింది. అక్కడ గంట మోగింది. సరిగ్గా ముప్పై అయిదు నిమిషాలకు, ఈ ఊరి కోసమే మండలంలో కాపలా ఉంచిన రెండు జీపులు, ఫైరింజను, డాక్టరుతో సహా అంబులెన్సు, సైరన్లు మోగిస్తూ దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగాయి.

అప్పలకొండ పైనుంచి ఆ అంబులెన్సునే చూసింది. కింద ప్రాణం పోతుంటే రెండు గంటలన్న సర్కారు, పైన మనిషి నిలబడితే అరగంటలో వచ్చింది. ఆమెకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే దారి కూడా కనిపించింది.

"దిగండమ్మా! జీవితం విలువైనది!" అన్నాడు లోకేశ్వర్ మైకులో.

"దిగను! ముందల గౌరిని బండెక్కించండి!"

"గౌరి ఎవరు? ఆమె ఎంత ఎత్తులో ఉన్నారు?"

"నేలమీద! మంచమ్మీద! నొప్పులు పడతంది!"

లోకేశ్వర్ నిబంధనల పుస్తకం తిరగేశాడు. మొహం చిన్నబోయింది. "నేలమీద ఉన్నవారు మా పరిధిలోకి రారమ్మా. ఈ వాహనం అంచున ఉన్నవారికే."

అప్పలకొండ ఒక కాలు రెయిలింగు మొదటి కమ్మీ మీద పెట్టింది. కింద జనం గొల్లుమన్నారు.

"అయితే నానే రోగిని! దూకేత్తాను! నాను బండెక్కాలంటే నాకు తోడు మడిసి గావాల. రోగికి తోడు ఎక్కించుకోవచ్చా నేదా? సూడండి మీ బుక్కులో!"

లోకేశ్వర్ గబగబా వెతికాడు. ఉంది. పద్దెనిమిదో నిబంధన. రోగి కోరిన సహాయకులను ఒకరిని అనుమతించవచ్చు.

"తోడు ఎవరొస్తారమ్మా?"

"గౌరి!"

నలుగురు మంచంతో సహా గౌరిని మోసుకొచ్చారు. సహాయకులు సంతకం చెయ్యవలసిన ఫారం ఒకటుంది. రోగిని అనుక్షణం కనిపెట్టుకుని ఉంటాననీ, రోగికి ధైర్యం చెబుతాననీ, రోగి ముందు ఏడవననీ హామీ. ఒక నొప్పికీ ఇంకో నొప్పికీ మధ్య గౌరి దానిమీద వేలిముద్ర వేసింది. రోగి స్ట్రెచరు మీద పడుకోవాలని, తోడు మనిషి సీటులో కూర్చోవాలని డ్రైవరు అన్నాడు.

"పడుకుంటే నాకు సావాలనిపిత్తాది," అంది అప్పలకొండ. "కూకుంటే నిమ్మళంగుంటాది."

లోకేశ్వర్ అది కూడా రాసుకుని, గౌరిని స్ట్రెచరు మీద పడుకోబెట్టమన్నాడు. బండిలోని డాక్టరు మనసు వైద్యుడు. ఆయన దారి పొడవునా అప్పలకొండ నాడి చూస్తూ "మీ చిన్నతనం గురించి చెప్పండి" అంటూ వచ్చాడు. ఆమె ఆయన్ని పక్కకు నెట్టి, గౌరి నడుము పట్టుకుని కూర్చుంది.

పట్నం ఆసుపత్రిలో ఆపరేషను చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. ఇంకో గంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కారని పెద్ద డాక్టరమ్మ అంది. ఆ మాట వినడానికి అప్పలకొండ అక్కడ లేదు. ఆమెను అప్పటికే మానసిక వార్డులో పడుకోబెట్టి కిటికీలకు గొళ్లేలు వేశారు. నర్సు వచ్చి గౌరి సంగతి చెప్పినప్పుడు ఆమె మొదటిసారి ఏడ్చింది. నర్సు పరిగెత్తి వెళ్లి, రోగి ఏడుస్తోందని రాసింది. దాంతో ఇంకో మూడు రోజులు ఉంచారు.

ఆరో రోజు ఇంటికి పంపేటప్పుడు గుమాస్తా కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఎందుకెక్కావని అడిగాడు. అప్పుల బాధ, కుటుంబ కలహం, దీర్ఘవ్యాధి, ప్రేమ వైఫల్యం. కంప్యూటరులో ఈ నాలుగు కారణాలే ఉన్నాయి.

"సిగ్నలు కోసరం, ఓ పేనం కోసరం ఎక్కినాను బాబూ."

"అది లేదమ్మా. ఏదో ఒకటి నొక్కకపోతే మీరు బయటికెళ్లలేరు."

ఆమె నాలుగూ చదువుకుంది. అప్పు లేదు, కలహం లేదు, జబ్బు లేదు. "మిగిలిందేదో అదే నొక్కండి," అంది. ఆ విధంగా నలభై మూడేళ్ల వయసులో అప్పలకొండకు ప్రేమ విఫలమైంది.

ఆ నెలాఖరుకు ఒక విచిత్రం జరిగింది. ఏడేళ్ల అర్జీలకు కదలిక వచ్చి, ఉసిరికవలసకు నూట ఇరవై అడుగుల టవరు మంజూరైంది. కాగితం అభ్యంతరాల కోసం అన్ని శాఖలకూ తిరుగుతూ మనోమాపన కేంద్రానికి కూడా వెళ్లింది. చిత్రభానుగారు దానిమీద స్వహస్తాలతో రాశారు. 'అరవై అడుగులకే ఈ దుస్థితిలో ఉన్న ప్రజలకు నూట ఇరవై అడుగులు సమకూర్చుట అమానుషం. అనుమతి నిరాకరించడమైనది.'

ఆ ఉత్తరం సింహాద్రి బడి వరండాలో పైకి చదివాడు. మందుల మత్తు వదిలిన కూర్మయ్య అరుగు మీంచి లేచి, "మరైతే, ఆ బళ్లు మాత్రం ఒత్తాయి గదా?" అన్నాడు.

అప్పలకొండ రిజిస్టరు తెరిచింది.

ఆనాటి నుంచి ఊరు ఒక వంతు పెట్టుకుంది. ఎవరికైనా నొప్పులొస్తే, ఆ రోజు వంతువాళ్లు ఫోను పట్టుకుని ట్యాంకెక్కి అంచున నిలబడతారు. కేంద్రం వేసిన ప్రతి తాళమూ అవసరానికి ఊడుతుంది. ముప్పై అయిదు నిమిషాల్లో సైరన్లు వినిపిస్తాయి. పైన ఉన్నవాళ్లు పద్దెనిమిదో నిబంధన ప్రకారం తోడు అడుగుతారు. చుట్టుపక్కల నాలుగు పల్లెల గర్భిణులు కూడా నెలలు నిండగానే ఉసిరికవలసలో చుట్టాలింటికి చేరడం మొదలుపెట్టారు. ఊరివాళ్లు ఒక్కొక్కరే మానసిక వార్డులో మూడేసి రోజులు ఉండి వచ్చారు. కూర్మయ్య రెండుసార్లు వెళ్లాడు. అక్కడి పప్పు బాగుంటుందన్నాడు. లోకేశ్వర్‌కు సంగతి ఎప్పుడు అర్థమైందో ఎవరికీ తెలీదు. ఒకరోజు ఆయన మైకు మర్చిపోయి, పాత చీరల మూట, వేణ్నీళ్ల ఫ్లాస్కు మాత్రం మర్చిపోకుండా వచ్చాడు. పై ఆఫీసులో ఆయన ఏమీ అనలేదు. అన్నా, అక్కడ వినేందుకు గడి లేదు.

ఏడాది తిరిగేసరికి కేంద్రం వార్షిక నివేదిక వెలువడింది. 'ఉసిరికవలస గ్రామంలో ఫోను దత్తాంశం ఆధారంగా సకాలంలో జోక్యం చేసుకుని పదకొండు ప్రాణాలు కాపాడాం' అని అందులో ఉంది. చిత్రభానుగారికి శాలువా కప్పారు. ఆ అంకెకు ఊరి తరఫున ధ్రువీకరణ కావాల్సివచ్చి లోకేశ్వర్ కాగితం పట్టుకుని అప్పలకొండ ఇంటికి వచ్చాడు.

"ఇది సరిగ్గా ఉందేమో చూసి సంతకం పెట్టండమ్మా."

అప్పలకొండ రిజిస్టరు తెచ్చుకుని, పేరు పేరునా వేలు పెట్టి చూసుకుంది.

"తప్పు బాబూ. పదకొండుమందీ తల్లులే. పిల్లల్ని కలపనేదు. అందులో ఒకామెకి కవలలు. ఇరవైమూడని రాయండి."

లోకేశ్వర్ కలం పట్టుకుని తటపటాయించాడు. "ఇరవైమూడంటే ఊళ్లో తీవ్రత రెట్టింపైనట్టు లెక్కమ్మా. ఇంకో అంబులెన్సు పెట్టేస్తారు."

"పెట్టనీండి," అంది అప్పలకొండ రిజిస్టరులో పేజీ తిప్పుతూ. "ఎండాకాలానికి తొమ్మిదిమంది ఉన్నారు."